కోటగిరే ఎందుకు?

ఈ వేసవికి ఎక్కడికైనా కొండల మీదికి వెళ్దామని మాధురి అడిగినప్పుడు చైతన్యకృష్ణకి సంతోషమే కలిగింది. పెళ్ళయి పదేళ్ళు దాటినా ఆమె ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం తక్కువ. ఆఖరి కోత మిరపకాయలు కూడా ఇంటి పక్క కల్లంలో ఎండి, సగం గుంటూరు యార్డుకీ సగం కోల్డ్ స్టోరేజీకీ వెళ్ళిపోయాయి. పత్తి గింజలు వేసేదాకా చేలో పెద్దగా పనిలేదు. ప్రత్తిపాడులో ఎండ పొద్దున్నే నెత్తి మాడ్చేస్తోంది.

"పోదాం. ఊటీ పోదాం" అన్నాడు ఉత్సాహంగా.

"ఊటీ వద్దండీ. మే నెలలో ఊటీ అంటే శివరాత్రికి పెదకాకాని వెళ్ళినట్టే. జనం తప్ప ఇంకేం కనపడదు."

మంచం మీద కూర్చుని వక్క కత్తిరిస్తున్న బసవమ్మ కలగజేసుకుంది. "అరకు పోండ్రా. అద్దాల రైలంట, కూర్చున్న చోటినించే కొండలన్నీ కనపడతయ్యంట."

"ఇప్పుడు అరకులో చలెక్కడుంటుంది అత్తయ్యా? చలికాలమైతే బాగుంటుంది."

"అయితే కొడైకెనాల్?" అన్నాడు చైతన్య.

"ఘాట్ రోడ్డండీ. మలుపులకి శ్రీజ వాంతులు చేసుకుంటుంది."

ఎనిమిదేళ్ళ శ్రీజ గడప మీద కూర్చుని, తనకు మంచు కావాలని ఒకసారి చెప్పి, దగ్గి, మళ్ళీ బొమ్మ గీసుకోవడంలో పడింది. మున్నారు దూరమైంది. శ్రీశైలం కొండే గాని చల్లగా ఉండదు. ఇలా ఒక్కొక్కటీ కొట్టేశాక, గోరుచిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే మాధురి అంది:

"కోటగిరి వెళ్దామండీ."

"అదెక్కడుంది?"

"నీలగిరుల్లోనే, ఊటీకి దగ్గర. జనం ఉండరట. ప్రశాంతంగా ఉంటుందట."

"నీకెవరు చెప్పారు?"

"నెట్‌లో చూశాను."

ఆ మాట అక్కడితో అయిపోయేదే. కానీ మర్నాడు చైతన్య ఊళ్ళోకి వెళ్ళినప్పుడు త్రినాథ్ కొట్టు దగ్గర ఆగాడు. త్రినాథ్ అతనితో బడికి వెళ్ళినవాడు, ఇప్పుడు ఎరువులు, విత్తనాలు అమ్ముతాడు. రెండేళ్ళ క్రితం కుటుంబంతో ఊటీ వెళ్ళొచ్చాడు. అందుకని అడిగాడు.

"కోటగిరా? ఊటీ నుంచి దిగేటప్పుడు ఆ దార్నే వచ్చాంరా" అన్నాడు త్రినాథ్. "అబ్బో, ఏం మలుపులు! మా ఆవిడకి పేగులు నోట్లోకొచ్చినయ్."

"అదీ ఘాట్ రోడ్డేనా?"

"కొండ మీదికి ఘాట్ రోడ్డు కాకపోతే నేషనల్ హైవే ఉంటదేందిరా? అయినా అక్కడేముందనీ? టీ తోటలు, ఓ చర్చి, నాలుగు కొట్లు. ఊటీ ఒదిలేసి ఎవరన్నా కోటగిరి పోతారా?"

"మాధురి అక్కడికే అంటోంది."

త్రినాథ్ యూరియా బస్తా మీద చెయ్యేసి నవ్వాడు. "ఆడమనిషి ఒక ఊరి పేరు పట్టుకు కూర్చుందంటే, ఆ ఊళ్ళో చూసేదన్నా ఉండాల, కలిసేవోళ్ళన్నా ఉండాల. చూసేదేమీ లేదని నేను చెప్తన్నాగా."

సరదాకే అన్నాడు. అనేసి, ఎవరో రైతు వస్తే అటు తిరిగిపోయాడు. చైతన్య మాత్రం బండి స్టార్ట్ చేసి, ఎటు వెళ్ళాలో తోచక కాసేపు అలాగే నిలబడ్డాడు. శ్రీజకి వాంతులవుతాయని కొడైకెనాల్ వద్దన్న మనిషికి, కోటగిరి మలుపుల్లో ఆ వాంతులు ఎందుకు గుర్తురాలేదు?

ఆ రోజు నుంచి అతనికి కొత్త కళ్ళు వచ్చాయి. ఇదివరకూ మాధురి ఫోను వాడేది, ఇప్పుడూ వాడుతోంది. ఇప్పుడు మాత్రం అది బల్ల మీద బోర్లా పడి ఉండటం అతనికి కనబడింది. ఫోను మోగితే ఆమె వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి మేడ మీదికి వెళ్ళడం కనబడింది. ఎప్పుడో బీరువా అడుగున పెట్టేసిన నేత చీరలు తీసి, గంజిపెట్టి ఇస్త్రీ చేయించడం కనబడింది. అద్దం ముందు నిలబడి ఏదో తనలో తాను మాట్లాడుకుంటూ, అతను గదిలోకి రాగానే చటుక్కున ఆపెయ్యడం కూడా.

"ఏంటి మాట్లాడుతున్నావు?"

"ఏం లేదు. పాట."

ఒక సాయంత్రం మాధురి మేడ మీద ఉండగా, చిన్నతనంగా అనిపించినా, శ్రీజని దగ్గరికి పిలిచాడు.

"అమ్మ ఎవరితో మాట్లాడుతోందమ్మా?"

"ఫిలిప్ సార్‌తో" అంది శ్రీజ. "ఇంగ్లీషులో మాట్లాడుతుంది నాన్నా. స్పీడుగా." ఇంకా ఏదో చెప్పబోయింది గాని దగ్గు తెర వచ్చి ఆగిపోయింది. బసవమ్మ లోపల్నించి నీళ్ళ చెంబుతో వచ్చింది. చైతన్య చెవిలో మాత్రం ఆ పేరొక్కటే మోగుతోంది.

ఫిలిప్ ఎవరో అతనికి గుర్తుంది. పెళ్ళయిన కొత్తలో మాధురి గుంటూరులో ఒక బళ్ళో ఫిజిక్స్ చెప్పేది, రోజూ బస్సులో వెళ్ళివచ్చేది. శ్రీజ పుట్టేవరకే ఆ ఉద్యోగం. అక్కడ ఫిలిప్ లెక్కల మాస్టారు. పాపని చూడటానికి కేకు పట్టుకుని ఇంటికొచ్చాడు. పొడుగ్గా, తీర్చి దువ్విన క్రాపుతో, బసవమ్మని కూడా "అమ్మగారూ" అంటూ నవ్వించాడు. ఆ తర్వాత ఎటో కొండ ప్రాంతానికి వెళ్ళిపోయాడని మాధురి అప్పట్లో ఎప్పుడో అంది.

నేరుగా అడిగేస్తే సరిపోయేది. కానీ అడిగితే ఆమె ఏదో ఒకటి చెబుతుంది, అది నమ్మాలో వద్దో తేల్చుకోవాల్సింది మళ్ళీ తనే. కళ్ళతో చూస్తే ఆ బాధ ఉండదనుకున్నాడు. అందుకే మర్నాడు భోజనాల దగ్గర, "సరే, కోటగిరికే పోదాం" అన్నాడు.

మాధురి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి అతనికి అన్నం దిగలేదు.

"ఏ తారీకులకి చెయ్యమంటావు టిక్కెట్లు? నెలాఖరుకా?"

"వద్దొద్దు. పదిహేనో తారీకుకి అక్కడుండేట్టు చూడండి."

"పదిహేనే ఎందుకు?"

ఆమె మజ్జిగ గిన్నె అతని వైపు జరిపింది. "తర్వాత వానలు మొదలవుతాయట."

రెండు రోజులాగి కావాలనే ఒక రాయి వేశాడు. "మున్నారులో మంచి రూములు దొరుకుతున్నాయంటున్నారు. కోటగిరి మానేద్దామా?" అన్నాడు. మాధురి చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇప్పుడు మార్చకండి, ప్లీజ్" అంది. ఆ గొంతులో ఉన్నది బతిమాలుకోవడమే. ఒక ఊరి కోసం ఎవరన్నా ఇంతగా బతిమాలతారా?

బసవమ్మ రానంది. చలి పడదు, గేదెల్ని ఎవరూ చూడరు. ముగ్గురే బయల్దేరారు. చెన్నై మీదుగా కోయంబత్తూరు దాకా రైలు, అక్కణ్ణించి అద్దె కారు. రైల్లో మాధురి కిటికీలోంచి పొలాలు చూస్తుంటే, చైతన్య ఆమెను చూస్తూ కూర్చున్నాడు. రాత్రి కునుకు పట్టినా, ఆమె ఫోను తీస్తే అతనికి మెలకువ వచ్చేది. ఘాట్ రోడ్డు మలుపుల్లో శ్రీజ కోతుల్ని లెక్కపెడుతూ కేరింతలు కొట్టింది. కారు ఆపించి రోడ్డు పక్కకి పరిగెత్తి వాంతి చేసుకున్నది చైతన్యే. మాధురి వీపు నిమిరి నీళ్ళిచ్చింది. ఆ చెయ్యి మెత్తగా ఉండటం కూడా అతనికి అనుమానంగానే తోచింది.

కోటగిరి త్రినాథ్ చెప్పినట్టే ఉంది. పచ్చటి తివాచీ పరిచినట్టు టీ తోటలు, ఎర్ర పెంకుల ఇళ్ళు, ఏటవాలు రోడ్లు. పగలే దుప్పటి కప్పుకోవాలనిపించే గాలి. మొదటి రెండు రోజులూ చుట్టుపక్కల జలపాతాలూ తోటలూ తిరిగారు. శ్రీజ ఆకలి ఆకలి అంటూ దోసెల మీద దోసెలు తింది. మాధురి ఎక్కడున్నా సగం మనసు ఇంకెక్కడో ఉన్నట్టు ఉంది. బస చేసిన ఇంటి యజమానురాలిని పక్కకి తీసుకెళ్ళి ఇంగ్లీషులో ఏదో దారి అడిగింది. ఏంటని అతను అడిగితే, "ఇక్కడ మంచి టీపొడి ఎక్కడ దొరుకుతుందా అని" అంది.

పదిహేనో తారీకు పొద్దున మాధురి అందరికంటే ముందే లేచి తలస్నానం చేసింది. గంజిపెట్టిన పసుపు పచ్చ నేత చీర కట్టుకుంది. కుచ్చిళ్ళు సరిచేసుకుంటూ, అతని కళ్ళలోకి చూడకుండా, "బజారుకెళ్ళి టీపొడి తీసుకొస్తాను. మీరు శ్రీజని చూస్తూ ఉండండి" అంది.

"మేమూ వస్తాం."

"ఎందుకండీ? నిన్నంతా తిరిగింది, దానికి కాళ్ళు నొప్పులు."

"నాకేం నొప్పులు లేవు" అంది శ్రీజ దుప్పట్లోంచి.

"నువ్వు పడుకో" అని ఆమె తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

టీపొడికి గంజిపెట్టిన చీరెందుకు? చైతన్య శ్రీజకి స్వెట్టరు తొడిగి, చెయ్యి పట్టుకుని వెనకాలే దిగాడు. రోడ్డు మలుపులో చర్చి గోడ పక్కన తెల్ల కారు ఆగి ఉంది. దాని పక్కన ఫిలిప్. అదే పొడుగు, అదే క్రాపు, చెవుల దగ్గర కాస్త నెరిసింది. మాధురిని చూడగానే నవ్వి, ముందు తలుపు తీశాడు. ఆమె ఎక్కింది. కారు కదిలింది.

చైతన్య చూశాడు. కళ్ళతో చూశాడు. అనుకున్నదే నిజమైనప్పుడు మనసు తేలికపడాలి గదా, పడలేదు. అటుగా వస్తున్న ఆటోని ఆపి, వచ్చీరాని ఇంగ్లీషులో కారు వైపు వేలు చూపించాడు.

"నాన్నా, అమ్మకి సర్‌ప్రైజ్ ఇస్తున్నామా?" అంది శ్రీజ.

"అవునమ్మా" అన్నాడు.

కారు ఊరి చివర ఒక పెద్ద గేటులోకి వెళ్ళింది. ఆటో దిగి చూస్తే అది బడి. రాతి గోడల పొడవాటి భవనం, ముందు ఆటస్థలం, చుట్టూ ఆకాశానికి పెరిగిన చెట్లు. సెలవులు కాబట్టి పిల్లల చప్పుడు లేదు. వాచ్‌మన్ అడ్డొస్తే, "మేడమ్ హస్బెండ్" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతు తనకే కొత్తగా వినిపించింది. వాచ్‌మన్ నవ్వి దారి వదిలాడు.

వరండాలో నడుస్తూ, ఏమని అరవాలో మాటలు పేర్చుకుంటున్నాడు. అప్పుడు వినబడింది మాధురి గొంతు. పెద్దగా, తేటగా, ఎక్కడా తడబడని ఇంగ్లీషు. అతను ఆ గొంతు అలా ఎన్నడూ వినలేదు. కిటికీ దగ్గర ఆగాడు.

లోపల పిల్లలు కూర్చునే బల్లల మీద నలుగురైదుగురు పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. ఆఖరి బల్ల మీద ఫిలిప్. మాధురి చేతిలో చాక్‌పీస్. వేడెక్కిన గాలి పైకెందుకు పోతుందో, చల్లబడ్డ గాలి కిందికెందుకు దిగుతుందో బొమ్మ వేసి చెబుతోంది. ముందు బల్లలోని నెరిసిన జుట్టావిడని, చిన్న పిల్లని అడిగినట్టే ఒక ప్రశ్న అడిగింది. ఆవిడ కావాలనే తప్పు చెప్పింది. మాధురి నవ్వి, అది తప్పని అనకుండా, మా ఊళ్ళో మిరపకాయలు ఎండబోస్తారు అంటూ మొదలుపెట్టింది. చైతన్యకి సగమే అర్థమైంది. మధ్యాహ్నం వేడికి ఆ ఘాటు పైకి పోతుందట. సాయంత్రం గాలి చల్లబడి నేలకి దిగేటప్పుడు, ఆ ఘాటూ కిందికే దిగి తలుపుల్లోంచి, కిటికీల్లోంచి ఇళ్ళలోకి వచ్చేస్తుందట. మా ఇంట్లో సాయంత్రాలే కష్టం అంది.

"అమ్మా!" అని అరిచింది శ్రీజ.

అందరూ కిటికీ వైపు తిరిగారు. మాధురి వాళ్ళిద్దర్నీ చూసింది. అంతే. మళ్ళీ బోర్డు వైపు తిరిగి పాఠం పూర్తి చేసింది.

బయటికొచ్చాక శ్రీజ వాచ్‌మన్ కుక్కతో ఆటస్థలంలోకి పరిగెత్తింది. ఫిలిప్ చెయ్యి చాపి, "బాగున్నారా చైతన్య గారూ? పాప ఎంత పెద్దదైందండీ!" అన్నాడు. ఇక్కడ వైస్ ప్రిన్సిపాల్‌నని చెప్పి, మొగుడూ పెళ్ళాల ముఖాలు చూసి, మెల్లగా లోపలికి తప్పుకున్నాడు.

"మా వెనకాలే వచ్చారా?" అంది మాధురి.

అతను తలాడించాడు.

"ఏమనుకుని వచ్చారు?"

"నాతో చెప్పొచ్చుగా."

"చెప్పలేదా? కల్లం ఇంటి పక్కనుంచి తీసెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? గుంటూరులోనన్నా ఇల్లు చూడమని చెప్పలేదా? ఆ ఘాటు పిల్ల ఊపిరికి పడదని డాక్టరు చెప్పిందీ చెప్పాను. మీరేమన్నారు?"

ఏమన్నాడో అతనికి గుర్తుంది. మిరప ఘాటు పడనిది మా ఇంట్లో ఎట్టా పుట్టిందో అని నవ్వాడు. పెద్దయితే అదే పోతుందిలే అన్నాడు.

"ఉద్యోగం చూసుకోడానికి వెళ్తానంటే రానిచ్చేవారా? అత్తయ్య రానిచ్చేదా? అందుకే సెలవులన్నాను. అబద్ధమే ఆడాను, కాదనను. ఫిలిప్ సార్‌ని నేనే అడిగాను, ఎక్కడన్నా ఖాళీ ఉంటే చెప్పమని."

"ఫిలిప్..." అని ఆగిపోయాడు.

"అడగండి. ఇక్కడే అడగండి."

"ఏం లేదు."

"సరే, నన్ను బాగానే కనిపెట్టారు. దాన్ని చూశారా?" ఆటస్థలం వైపు చెయ్యి చూపించింది. "వచ్చిన దగ్గర్నుంచి ఒక్కసారన్నా దగ్గిందా?"

చైతన్య అటు చూశాడు. శ్రీజ కుక్క వెంటపడి ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెడుతోంది, ఆగకుండా. బుగ్గలు ఎర్రబడ్డాయి. అతను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. మాధురి ఎప్పుడెప్పుడు ఫోను తీసిందో, జలపాతం దగ్గర ఎటు చూసిందో, ఏ చీర కట్టిందో అన్నీ చెప్పగలడు. పిల్ల దగ్గిందో లేదో చెప్పలేకపోయాడు. అసలు ప్రత్తిపాడులో ఎంత దగ్గేదో కూడా, చూరు మీద వాన చప్పుడులా, వినీ విననట్టే వదిలేశాడు. తన కూతురి ఊపిరి.

అక్కడున్న సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయాడు. మాధురి పక్కన కూర్చోలేదు, వెళ్ళిపోనూ లేదు.

ఉద్యోగం ఇచ్చారు. శ్రీజకి అదే బళ్ళో సీటు, ఉండటానికి ఒక గది. జూన్‌లో చేరాలన్నారు. ఆ రోజంతా మొగుడూ పెళ్ళాలు శ్రీజతోనే మాట్లాడారు. మర్నాడు టీ తోట గట్టు మీద కూర్చున్నప్పుడు చైతన్యే నోరు విప్పాడు.

"నేను ఇంకోలా అనుకున్నాను మాధురీ."

"తెలుసు. రైల్లోనే తెలిసింది. నా ఫోను నాకంటే ఎక్కువ మీరే చూశారు."

"మరి కోపం రాలేదా?"

"వచ్చింది. ఇంకా ఉంది."

అతను గట్టు మీది గడ్డి పీకుతూ కూర్చున్నాడు. కింద లోయలో మబ్బు ఒక తోట మీంచి ఇంకో తోట మీదికి పాకుతోంది. "మీరిద్దరూ ఒక ఏడాది ఉండి చూడండి" అన్నాడు చివరికి. "ఈలోగా నేను కల్లం చేను దగ్గరికి మారుస్తాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో దాని ఒళ్ళే చెబుతుంది."

"మీరు ఏం తింటారు అక్కడ?"

"అమ్మ ఉందిగా. అయినా నాకు వంట రాదనుకుంటున్నావా?"

"రాదుగా" అంది మాధురి. నవ్వలేదు గాని, పెదవి చివర కొంచెం కదిలింది.

ఇంటికొచ్చాక బసవమ్మ ఊరంతా వినపడేట్టు అరిచింది. "మొగుణ్ణొదిలేసి కొండెక్కుద్దంటనా? ఏ వంశంలో ఉందిరా ఇది? నలుగురికీ ఏం చెప్పాల నేను?" మాధురి బదులు చెప్పబోతే చైతన్య ఆపాడు. "అమ్మా, అది పోవడం కాదు, నేను పంపిస్తన్నా. పిల్లకి ఇక్కడ ఊపిరాడట్లేదు. నీకు తెలవదా?" బసవమ్మ ఠక్కున ఆగిపోయింది. పిల్ల ఆయాసపడిన ప్రతిసారీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని వీపు రాసింది ఆవిడే. కాసేపటికి కొంగుతో ముక్కు తుడుచుకుని, "సెలవలకి రాకపోతే మాత్రం నేనే ఆ కొండెక్కొచ్చి లాక్కొస్తా" అని గేదెల దగ్గరికి వెళ్ళిపోయింది.

జూన్‌లో చైతన్యే వెళ్ళి ఇద్దర్నీ దింపి వచ్చాడు. నెలాఖరులో ఒక ఆదివారం మంచి వాన పడింది. పత్తి విత్తనాల కోసం త్రినాథ్ కొట్టుకి వెళ్ళాడు.

"ఏరా, చెల్లెమ్మ కొండల మీదే ఉండిపోయిందంట గదా?" అన్నాడు త్రినాథ్. కొట్లో ఉన్న రైతులు ఇటు తిరిగారు.

"ఉద్యోగం చేస్తంది. పిల్ల చదువు కూడా అక్కడే."

"ఒక్కతే ఎట్టా ఉంటదిరా? తెలిసినోళ్ళెవరన్నా ఉన్నారా అక్కడ?"

చైతన్యకి లోపల పాత పురుగు కదిలింది. అది చచ్చిపోయిందని అతనెప్పుడూ అనుకోలేదు. "ఉన్నారు. ఫిలిప్ సార్ అని, ముందు గుంటూరులో కలిసి పనిచేశారు. ఆయనే చెప్పి పెట్టించాడు. మంచివాడు" అన్నాడు. ఆఖరి మాట అనడానికి కొంచెం కష్టపడాల్సి వచ్చింది. త్రినాథ్ విత్తనాల ప్యాకెట్లు సంచిలో వేశాడు.

బండి దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. తెర మీద శ్రీజ, తలకి ఉన్ని టోపీ, వెనక తెల్లటి పొగమంచు.

"నాన్నా, ఇక్కడ వాన! నిన్నట్నుంచీ ఆగట్లేదు."

"ఇక్కడా పడిందమ్మా. అమ్మేది?"

"టీచర్లందరూ కిందికి బజారుకెళ్ళారు. అమ్మ కూడా ఫోను నాకిచ్చి వెళ్ళింది."

ఎవరెవరు వెళ్ళారు అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. తెర మీద పిల్ల ఆగకుండా, ఆయాసం లేకుండా, గడగడా ఏదో చెప్పుకుపోతోంది.

"టిఫిన్ తిన్నావా?" అని అడిగాడు.

"ఇడ్లీ తిన్నా. కారప్పొడి అయిపోయింది నాన్నా. ఇక్కడి కారం అస్సలు కారంగా లేదు. నాయనమ్మని చేసి పంపమను."

చైతన్యకి నవ్వొచ్చింది. పంపిస్తానని చెప్పి ఫోను జేబులో వేసుకున్నాడు. నేలలో పదును ఆరిపోకముందే గింజలు వెయ్యాలి. బండి చేలవైపు తిప్పాడు.